అయోడిన్ స్కాన్ బాగుంది, టీజీ మాత్రం పెరుగుతోంది: పెట్ స్కాన్ తీయించుకోవాలా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది కావలి దగ్గర పల్లె. నాకు 47 ఏళ్ళు. నాలుగేళ్ళ కిందట థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది, పాపిల్లరీ అన్నారు. చెన్నైలో గ్రంథి మొత్తం తీసేసి తర్వాత రేడియో అయోడిన్ ఇచ్చారు. కొన్నాళ్ళు బాగానే ఉన్నాను. ఆ తర్వాత టీజీ అనే రక్తపరీక్ష పెరుగుతూ వస్తోంది. రెండేళ్ళ కిందట 1.8, నిరుడు 4.1, మొన్న 11.2. మూడూ ఒకే ల్యాబ్‌లో, థైరాయిడ్ మాత్ర వేసుకుంటూనే చేయించినవి. యాంటీబాడీ నెగిటివ్ అని రాశారు. అందుకని మాత్రలు నాలుగు వారాలు ఆపించి ఒళ్ళంతా అయోడిన్ స్కాన్ తీశారు, ఎక్కడా ఏమీ లేదని వచ్చింది. కానీ ఆ రోజు టీజీ 38 ఉందట, చూసి గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు పెట్ స్కాన్ తీయించమంటున్నారు. మా బావగారేమో "బాగుందని వాళ్ళే రాసి మళ్ళీ ఇంకో స్కాన్ ఏంటి, అంతా వ్యాపారం" అంటున్నారు. మా ఆయనకి రొయ్యల గుంటలు, ఈ ఏడు దెబ్బ తిన్నాం, ఖర్చంటే భయంగా ఉంది. మధ్యలో, అయోడిన్ స్కానుకి మూడు వారాల ముందనుకుంటా, కడుపునొప్పి వస్తే నెల్లూరులో నరానికి మందు ఎక్కించి సీటీ తీశారు, ఏమీ లేదన్నారు. మెడ అల్ట్రాసౌండ్ తీసి రెండేళ్ళయింది. షుగర్ కూడా ఉంది, మాత్రలు వాడుతున్నాను. పెట్ తీయించుకోవాలా, వద్దా?

జవాబు: చెల్లెమ్మా, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటాను. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టరుని కాదు. పాతికేళ్ళు చెన్నైలో న్యూక్లియర్ మెడిసిన్‌లో స్కాన్లు తీసిన టెక్నాలజిస్టుని, రిటైరయ్యాక నెల్లూరొచ్చి పడ్డాను. వైద్యం ఏం చేయాలో నీ డాక్టరే తేల్చాలి. ఏ స్కాన్ దేన్ని చూస్తుంది, దేన్ని చూడలేదు, ఎక్కడ బోల్తా కొడుతుంది, ఇది మాత్రం నాకు బాగా తెలుసు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అన్నిటికంటే పెద్ద విషయాన్ని నువ్వు "మధ్యలో" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఆ కడుపు సీటీ. నరానికి మందు ఎక్కించారన్నావే, ఎక్కించేటప్పుడు ఒళ్ళంతా వెచ్చగా అయి, మూత్రం పోయినట్టు కూడా అనిపించి ఉంటుంది, దాన్ని కాంట్రాస్ట్ అంటారు. ఆ మందులో బోలెడు అయోడిన్ ఉంటుంది. ఒకసారి ఎక్కించే 100 మిల్లీలీటర్లలో సుమారు 30 గ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో ఆరున్నర వేలోవంతు. కాంట్రాస్ట్‌లో చాలా భాగం ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది, నిజమే, కానీ అందులోంచి విడిపడి ఒంట్లో మిగిలే కాస్తంతే మనం స్కానులో ఇచ్చే అయోడిన్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు. అందుకే కాంట్రాస్ట్ ఇచ్చాక అయోడిన్ స్కానుకి మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. నీకు మూడు వారాలకే తీశారు. నువ్వేమో ఉప్పు దగ్గర్నుంచి చేపలు, రొయ్యలు, గుడ్లు, పాల దాకా రెండు వారాలు నోరు కట్టేసుకునే ఉంటావు, మైపాడు చేప పక్కింట్లో పులుసు పెడుతుంటే వాసన చూస్తూ. ఆ పథ్యం అంతా ఆ ఒక్క సీటీ మింగేసి ఉండొచ్చు.

మరి ఇది ఎవరూ అడగలేదా అంటే, అడిగే ఉంటారు. ఫారంలో "ఈ మధ్య సీటీ ఏమైనా తీశారా" అని ఒక గడి ఉంటుంది. ఆ ఫారం సాధారణంగా పేషెంటు నింపదు, పక్కన వచ్చిన మగవాళ్ళు నింపుతారు, కడుపునొప్పికీ మెడకీ సంబంధం ఏముందిలే అని "లేదు" అని పెడతారు. నా సర్వీసులో ఇలాంటివి ఎన్ని చూశానో. ఎవర్నీ తిట్టకు, వెళ్ళి చెప్పు, అంతే.

ఇప్పుడు ఈ సంగతి మరిది గారికి, అంటే మీ ఆయనకి, ఎలా చెప్పాలో చెబుతాను, ఆయనకి నాకంటే బాగా అర్థమవుతుంది. గుంటలో మేత వేశాక గంటకో గంటన్నరకో చెక్ ట్రే ఎత్తి చూస్తారు కదా. ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉంటే గుంటలో రొయ్యే లేదని ఆయన అంటాడా? అనడు. రొయ్య ఉండీ తినకపోయి ఉండొచ్చు, ముందే కడుపు నిండి ఉండొచ్చు, ఆ మేత దానికి పడకపోయి ఉండొచ్చు. అయోడిన్ స్కాన్ అచ్చంగా చెక్ ట్రేనే. థైరాయిడ్ కణానికి అయోడిన్ అంటే ప్రాణం, ఒంట్లో ఎక్కడున్నా లాక్కుంటుంది. ఆ ఆశ చూపించి, రేడియో ధార్మికత ఉన్న అయోడిన్ మేతగా వేసి, అది ఎక్కడ చేరిందో కెమెరాతో చూస్తాం. 1940ల నుంచీ వైద్యులు వాడుతున్న కిటుకు ఇది. మేత ముట్టలేదంటే మూడు కారణాలు: కణాలు లేవు, ఉన్నాయి కానీ అప్పటికే అయోడిన్‌తో నిండి ఉన్నాయి (నీ సీటీ సంగతి), లేదా ఉన్నాయి కానీ అయోడిన్ తినడం మరిచిపోయాయి.

ఈ మూడోది కూడా బాగానే జరుగుతుంది. తిరగబెట్టిన థైరాయిడ్ క్యాన్సర్ కణాల్లో కొన్ని, పోనుపోను థైరాయిడ్ లక్షణాలు పోగొట్టుకుంటాయి. టీజీని మాత్రం తయారు చేస్తూనే ఉంటాయి, అయోడిన్‌ని పట్టించుకోవు. అప్పుడు రక్తంలో అంకె పెరుగుతూ ఉంటుంది, స్కాన్ ఖాళీగా వస్తుంది. డాక్టర్లు దీన్ని చాలాసార్లు చూసినవాళ్ళే, కొత్తేం కాదు.

టీజీ అంటే థైరోగ్లోబ్యులిన్. దాన్ని థైరాయిడ్ కణం తప్ప ఒంట్లో ఇంకేదీ తయారు చేయదు. గ్రంథి తీసేసి, మిగిలిన తునకల్ని అయోడిన్‌తో కాల్చేసిన మనిషిలో అది సున్నాకి దగ్గరగా ఉండాలి. నీకు ఏడాదికి రెట్టింపు పైనే అవుతోంది. ఏడాదిలోపే రెట్టింపవుతుంటే డాక్టర్లు కాస్త గట్టిగా వెతుకుతారు, అది భయపెట్టడానికి కాదు, ఎక్కడో ఏదో ఉందని అంకె నిజంగానే చెబుతోంది కాబట్టి. యాంటీబాడీ నెగిటివ్ కాబట్టి నీ అంకెను నమ్మొచ్చు. (చదివే మిగతావాళ్ళకి ఒక మాట: ఈ జబ్బున్న నలుగురైదుగురిలో ఒకరికి ఆ యాంటీబాడీ ఉంటుంది, ఉన్నవాళ్ళకి టీజీ తప్పుగా తక్కువ చూపించొచ్చు, కాబట్టి టీజీ ఒక్కటే రాసిన రిపోర్టు తీసుకుని సంబరపడొద్దు, యాంటీబాడీ కూడా చూడాలి.)

ఇక ఆ 38. దానికి నీ గుండె ఆగాల్సిన పని లేదమ్మా. మాత్రలు ఆపితే టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ని పనిచేయమని తొందరపెట్టే హార్మోన్, అమాంతం పెరుగుతుంది, అసలు స్కాన్ సరిగ్గా రావాలనే దాన్ని 30 పైకి పోనిస్తాం, అది కణాల్ని తట్టి లేపుతుంది, లేచిన కణం టీజీ ఎక్కువ వదులుతుంది. అందుకని మాత్ర మీద ఉన్నప్పటి 11.2నీ, మాత్ర ఆపినప్పటి 38నీ పక్కపక్కన పెట్టి "నెలలో మూడింతలైంది" అనుకోకూడదు. 11.2 వచ్చిన వరుస వేరు, 38 వరుస వేరు. ఇంతకీ స్కాన్ అయ్యాక మాత్ర మళ్ళీ మొదలుపెట్టావా? ఉత్తరంలో రాయలేదు. మొదలుపెట్టకపోతే ఇది చదవడం ఆపి ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి. టీఎస్‌హెచ్ అలా ఎక్కువగా ఉండిపోతే ఉన్న కణాలకి ఎరువు వేసినట్టే.

సరే, పెట్ దగ్గరికి వస్తున్నా, కానీ దానికంటే ముందు ఒకటి ఉంది. మెడ అల్ట్రాసౌండ్. రెండేళ్ళయిందన్నావు, నాకైతే అది మింగుడుపడలేదు. టీజీ పెరుగుతున్న మనిషికి అన్నిటికంటే ముందు చూడాల్సింది మెడ. పాపిల్లరీ తిరగబెట్టేది చాలామందిలో మెడలోని లింఫ్ గడ్డల్లోనే, మనం బిళ్ళలు కట్టాయంటామే అవి. దీనికి మాత్రలు ఆపక్కర్లేదు, పథ్యం లేదు, సూది లేదు, రేడియేషన్ లేదు, ఖర్చూ తక్కువే. కడుపు సీటీ దీన్ని పాడుచేయదు కూడా. కానీ తీసే చెయ్యి మంచిదై ఉండాలి. ఐదు నిమిషాల్లో జెల్ రాసి తుడిచేసి "నార్మల్" అని రాసిచ్చే స్కాన్ నీకు పనికిరాదు. థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయిందనీ, టీజీ పెరుగుతోందనీ చెప్పి, మెడ రెండు వైపులా, మధ్యలో గ్రంథి తీసేసిన చోటా విడివిడిగా చూడమని అడుగు. గడ్డ గుండ్రంగా ఉందా, లోపల ఉండాల్సిన కొవ్వు గీత పోయిందా, ఇసుక రేణువుల్లాంటి సున్నం చుక్కలు ఉన్నాయా, నీటి తిత్తిలా ఉందా, ఇవి రిపోర్టులో ఉండాలి. అనుమానంగా ఉన్న గడ్డ 8, 10 మిల్లీమీటర్ల దాకా ఉంటే సూది పెట్టి పరీక్షకి పంపుతారు, అంతకంటే చిన్నదైతే చాలాసార్లు చూస్తూ ఉంటారు.

ఆ సూది పరీక్షలో ఒక మంచి పద్ధతి ఉంది. కణాలు స్లైడు మీద వేశాక సూదిని కాస్త సెలైన్‌తో కడిగి, ఆ కడిగిన నీళ్ళలో టీజీ ఎంతుందో చూస్తారు. మెడ పక్క లింఫ్ గడ్డలో టీజీకి ఏం పని? ఎక్కువగా ఉందంటే దొంగ దొరికినట్టే. స్లైడులో తేలకపోయినా ఇందులో తేలొచ్చు. సూది పెడుతుంటే "వాషౌట్ కూడా పంపిస్తారా" అని నువ్వే అడుగు.

అల్ట్రాసౌండుకి కొన్ని చోట్లు కనపడవు. గొంతు గొట్టం వెనక, రొమ్ము ఎముక వెనక, ఊపిరితిత్తులు. పెట్ ఉపయోగపడేది అక్కడ. పెట్ చీటీలో ఇంగ్లీషులో ఎఫ్‌డీజీ అని ఉంటుంది, అది రేడియో ధార్మికత తగిలించిన గ్లూకోజు లాంటి పదార్థం. మనిషి మీద మొదటిసారి వాడింది 1976లో, అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో. అయోడిన్ తినడం మరిచిన కణం చక్కెర మీద పడుతుంది, అదీ ఆబగా. మరిది గారి భాషలో చెప్పాలంటే, పాత మేత ముట్టలేదు కాబట్టి ట్రేలో వేరే మేత వేసి చూడటం. అందుకే "స్కాన్ బాగుందని రాసి మళ్ళీ స్కాన్ ఏంటి" అన్న మీ బావగారి ప్రశ్నకి జవాబు, అది మళ్ళీ అదే స్కాన్ కాదు. అయోడిన్ స్కాన్ ఖాళీగా ఉండి టీజీ 10 దాటినప్పుడు పెట్ ఆలోచించమని అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. నీ డాక్టరు సొంతంగా పుట్టించింది కాదు. వ్యాపారం లేదని నేననను, స్కాన్ సెంటర్ల సంగతి నాకు తెలియనిది కాదు, టీజీ ఒకటీ రెండూ ఉన్నవాళ్ళకి కూడా పెట్ రాసి పంపిన చీటీలు చూశాను, వాళ్ళలో చాలామందికి ఏమీ కనపడదు, డబ్బు పోతుంది, మనసు పోతుంది. నీ చీటీ అలాంటిది కాదు.

కాబట్టి నా మాట ఇది. ఈ వారంలో డాక్టరుకి సీటీ సంగతి చెప్పు. మూత్రంలో అయోడిన్ ఎంతుందో చూడమంటారేమో, కొన్నాళ్ళాగి అయోడిన్ స్కాన్ మళ్ళీ తీద్దామంటారేమో, అది వాళ్ళ నిర్ణయం. ఎలాగైనా మెడ అల్ట్రాసౌండ్ వెంటనే. అందులో గడ్డ దొరికినా దొరక్కపోయినా, డాక్టరు అప్పటికీ పెట్ కావాలంటే సందేహించకుండా తీయించుకో. రెండేళ్ళుగా పెరుగుతున్న అంకె, రెండు వారాలు వరుస సరిచేసుకున్నందుకు నీ మీద పడిపోదు. అలాగని సంక్రాంతి దాకా, పంట తీసేదాకా అని వాయిదా వేయకు.

పెట్ రాసేటప్పుడు ఒకటి అడగడం మరిచిపోకు: "ఇందులో కాంట్రాస్ట్ ఇస్తారా?" చాలా చోట్ల పెట్ సీటీలో కూడా కాంట్రాస్ట్ ఎక్కిస్తారు. మళ్ళీ అయోడిన్ స్కానో, అయోడిన్ వైద్యమో చేసే ఆలోచన ఉంటే అది కథ మళ్ళీ మొదటికి తెస్తుంది. ఒక్కోసారి కాంట్రాస్ట్ అవసరమే, వద్దని పట్టుబట్టకు. ఇవ్వాలా వద్దా అన్నది ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకుని తేల్చాలి తప్ప కౌంటర్‌లో కుర్రాడు కాదు.

తయారీ విషయంలో జనం ఎప్పుడూ తికమక పడతారు. ఉప్పు పథ్యం అయోడిన్ స్కానుకి, పెట్‌కి అక్కర్లేదు. పెట్‌కి కావలసింది చక్కెర అదుపు. నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తాగొచ్చు, కాఫీ మాత్రం, పాలూ చక్కెరా లేనిదైనా, అడగకుండా తాగొద్దు. షుగర్ 200 దాటి ఉంటే వెనక్కి పంపించేస్తారు, కావలి నుంచి తెల్లారుజామున రైలెక్కి చెన్నై వెళ్ళి ఉత్త చేతులతో రావాల్సి వస్తుంది. నీ మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఉంటే అది పేగుల్ని వెలిగించేస్తుంది, ఆపాలా, ఎన్నాళ్ళు ఆపాలి అన్నది ముందే ఫోన్ చేసి కనుక్కో, నీ అంతట నువ్వు ఆపకు. ముందు రోజు బరువు పనులు చేయకు.

ఇంజెక్షన్ ఇచ్చాక గంట సేపు ఒక గదిలో కదలకుండా పడుకోబెడతారు. ఆ గంట మాట్లాడకూడదు, ఫోన్ కూడా వద్దు, నమలకూడదు. మాట్లాడితే గొంతు కండరాలు, నమిలితే దవడ కండరాలు చక్కెర తాగేసి మెడ చుట్టూ వెలుగుతాయి, నీకు చూడాల్సిందే మెడ. ఒకసారి ఒంగోలు వైపు నుంచి వచ్చిన పెద్దాయన, ఎంత చెప్పినా దుప్పటి కప్పుకుని లోపల వక్కపొడి నములుతూ పడుకున్నాడు. ఫిల్మ్ చూస్తే దవడలు రెండూ దీపాల్లా ఉన్నాయి, ఎందుకో మాకు అర్థం కాలేదు, లేచినప్పుడు ఎర్రటి నోరు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దుప్పటి మాత్రం అడిగి కప్పుకో, ఏసీ చలికి మెడ దగ్గరుండే ఒక రకం కొవ్వు కూడా వెలుగుతుంది. ఆపరేషన్ తర్వాత నీ గొంతు బొంగురు పోయి ఉంటే అది కూడా చెప్పు, ఒక స్వరతంత్రి పడిపోతే రెండోది ఎక్కువ పనిచేసి గడ్డలా కనపడి భయపెడుతుంది.

రేడియేషన్ అంటే, నీకు అయోడిన్ ఇచ్చినప్పుడు విడిగా గదిలో పెట్టారు కదా, అలాంటిదేం ఉండదు. ఆ అయోడిన్ సగం కావడానికి 8 రోజులు పడుతుంది, ఇది 110 నిమిషాలకే సగమవుతుంది. ఆ పూటకి చంటిపిల్లల్ని ఎత్తుకోకు, కడుపుతో ఉన్నవాళ్ళ పక్కన కూర్చోకు, నీళ్ళు బాగా తాగు, తెల్లారేసరికి దాదాపు ఏమీ ఉండదు.

రిపోర్టు చేతికొచ్చాక సీడీ పెట్టి చూడొద్దని చెప్పినా చూస్తారు, నాకు తెలుసు. మెదడు, మూత్రాశయం ప్రతి మనిషికీ వెలుగుతాయి, గుండె కూడా చాలాసార్లు. అవి చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చిన కుటుంబాలు ఉన్నాయి. మెడలో ఏదైనా వెలిగినా అది క్యాన్సరే అని కాదు. పంటి చీము, మొన్న పడిన జలుబు, పాత కుట్టు దగ్గర వాపు, మన దేశంలో ముఖ్యంగా టీబీ గడ్డ, ఇవన్నీ చక్కెర తాగుతాయి. ఎస్‌యూవీ అని, ఆ చోటు ఎంత వెలిగిందో చెప్పే ఒక అంకె ఉంటుంది, దాన్ని పట్టుకుని రాత్రంతా ఫోన్‌లో వెతకొద్దు. వెలిగిన చోట సూది పెట్టి చూడగలిగితే చూస్తారు, తేల్చేది అదే. ఏమీ వెలగకపోతే అదీ పూర్తి అభయం కాదు. మరీ చిన్న గడ్డలు, ఊపిరితిత్తుల్లో ఆవగింజంత మచ్చలు పెట్‌లో తప్పించుకుంటాయి, ఛాతీ సీటీలో దొరకొచ్చు. అప్పుడు మాత్ర మోతాదు చూసుకుంటూ, కొన్ని నెలలకోసారి టీజీ, అల్ట్రాసౌండ్ చేస్తూ పోతారు. చాలామంది అలా ఏళ్ళ తరబడి మామూలుగా బతుకుతున్నారు.

దొరికితే ఏం చేస్తారని కూడా నీ మనసులో ఉండే ఉంటుంది, అడగలేదు గానీ. మెడలో గడ్డైతే చాలావరకు ఆపరేషన్. పెట్‌లో బాగా వెలిగే గడ్డలు అయోడిన్‌కి లొంగడం తక్కువ, కాబట్టి "మళ్ళీ అయోడిన్ ఇచ్చేయండి" అని అడగడంలో అర్థం లేదు. ఆపైన రకరకాల దారులున్నాయి, అప్పటి మాట అప్పుడు.

డబ్బు సంగతి. పెట్ స్కాన్‌కి ఊరిని బట్టి, ఆస్పత్రిని బట్టి పది వేల నుంచి పాతిక వేల దాకా అవుతుంది. తిరుపతి స్విమ్స్‌లోనూ, వెల్లూరు సీఎంసీలోనూ న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి, నీ డాక్టరు ఒప్పుకుంటే అక్కడ కూడా ధర కనుక్కో. ఆరోగ్యశ్రీ అని మనం పిలిచే పథకం, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, అందులో ఈ స్కాన్ నీ కేసుకి వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలో ఆ పథకం చూసేవాళ్ళ దగ్గర కార్డు పెట్టి అడుగు, ఎవరో చెప్పారని వదిలేయకు.

ఇప్పుడు లేచి ఆ నెల్లూరు సీటీ ఫిల్మ్ కవరు వెతుకు, బీరువా మీద ఉంటుంది, మన ఇళ్ళల్లో అక్కడే పెడతారు. కవరు మీద తేదీ ఉంటుంది, లోపల రిపోర్టులో కాంట్రాస్ట్ అని ఉందో లేదో కూడా చూడు. అయోడిన్ స్కాన్ తేదీ దాని పక్కనే ఒక చీటీ మీద రాసుకుని, ఆ రెండు తేదీలూ డాక్టరు ముందు పెట్టు. వారాలు నువ్వు లెక్కపెట్టక్కర్లేదు, ఆయన చూడగానే ఆయనకే తెలుస్తుంది.